లోకేష్ బస్సు

మా తమ్ముడు లోకేష్ గేమ్ ఆడుతుంటే నాకు ఒళ్ళు మండేది. హిందూపురంలో పాత కంప్యూటర్ కొనుక్కొచ్చి అందులో దొంగల ముఠా గేమ్ ఒకటి వేసుకున్నాడు. అందులో పూర్తి చేయాల్సిన మిషన్లు డెబ్బై. రెండేళ్ళలో వాడు చేసినవి తొమ్మిది. మిగతా కాలమంతా అందులో ఒక సిటీ బస్సు పట్టుకొచ్చి, ఎర్రరంగు వేయించి, ముఠా షెడ్డులో దాచుకుని, సాయంత్రమైతే దాన్ని తోలేవాడు. పక్కన కుర్చీలో మా అవ్వ, ఒళ్ళో బొరుగుల గిన్నె.

"ఈ పొద్దు యాడికి పోతాండామప్పా?" అనేది అవ్వ.

"సముద్రానికి. గట్టిగా పట్టుకో అవ్వా, మలుపులుండాయి."

అవ్వ పుట్టపర్తి దాటి ఎరగని మనిషి. నిజంగానే కుర్చీ చెయ్యి పట్టుకునేది. సిగ్నల్ పడితే వాడు బస్సాపి, "ముదిగుబ్బ, ముదిగుబ్బ! దిగేటోళ్ళు దిగండి" అని అరిచేవాడు. అవ్వ పడీ పడీ నవ్వేది.

"మిషన్లు చెయ్యకుండా ఈ పిచ్చి తిరుగుడేందిరా?" అని ఒకసారి తిట్టాను.

"పొద్దంతా మగ్గం మీద డిజైను అట్టలెట్ల చెప్తే అట్ల నేస్తాండా కదక్కా. ఈడ కూడా ఒకడు చెప్పినట్టేనా?" అన్నాడు.

మాఘమాసంలో హిందూపురం అంగట్లో చీరలిచ్చి వస్తూ, పెనుకొండ దగ్గర లారీ గుద్ది పోయాడు. ఇరవై ఆరేళ్ళు.

మగ్గం మీద వాడు నేస్తున్న చీర సగంలో ఉంది. మా ఇంట్లో పోయినవాళ్ళ చీరను అలా వదలరు. ఏడుస్తూనే కొంగు దాకా నేసి దించాను. దించాక కాస్త ఊపిరాడింది. అప్పుడే గేమ్ గుర్తొచ్చింది. అదీ సగంలోనే ఉంది కదా, అక్కను కాక ఇంకెవరు పూర్తి చేస్తారు అనుకున్నాను.

రెండు నెలలు కూర్చున్నాను. బాణం గుర్తు ఎటు చూపితే అటు పోయాను, కాల్చమంటే కాల్చాను. ఆఖరి మిషన్లో శత్రువులు మన షెడ్డులోనే దాక్కున్నారు. పేల్చమని తెర మీద వచ్చింది. నొక్కాను. మంటలు లేచాయి. కథ పూర్తయిందని పడింది. "అయిపోయిందిరా" అని పైకే అన్నాను.

తర్వాత షెడ్డుకు పోయి చూస్తే మసిగోడలు. బస్సు లేదు. వెనక్కి పోదామంటే గేమ్ తనంతట తనే వాడి పాత సేవ్ మీద నాది సేవ్ చేసేసుకుంది. తల బాదుకున్నాను. వాడు సగంలో వదిలిందేమీ లేదు, వాడికి కావలసింది రోజూ చేసుకుంటూనే పోయాడు. బతికున్నప్పుడు అర్థం చేసుకోలేదు, పోయాక మిగిలిన ఒక్కదాన్నీ నా చేత్తో తగలబెట్టాను.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. అవ్వ, ఒళ్ళో బొరుగుల గిన్నె.

"నువ్వేందో వాని పని చేస్తాండావని ఇన్నాళ్ళూ అడగలేదు గౌరీ. అయిపోయె కదా. బస్సు తీయి, సముద్రం చూసి శానా రోజులాయ."

ఆమె అప్పటికే కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.