ఇత్తడి పట్టీ మీద నంబరు

చింతపండు వాసన.

నానబెట్టిన చింతపండును గుప్పిట్లో పిసికితే వేళ్ళ సందుల్లోంచి జారే పులుపు వాసన. దసరా పొద్దున వసారాలో ఉండే వాసన. అది ఇన్నేళ్ళ తర్వాత పోలీస్ స్టేషన్‌లో ముక్కుకు తగిలింది. ఎందుకు తగిలిందో జ్యోతిర్మయికి అర్థం కాలేదు.

బయట మిర్చి బస్తాల లారీలు సత్తెనపల్లి దాటి గుంటూరు యార్డుకు పోతున్నాయి. ఆ ఘాటుకు స్టేషనంతా దగ్గుతోంది.

బల్ల మీద తుపాకి.

ఒంటి గొట్టం తుపాకి. మిరప చేలో పడే అడవిపందుల్ని బెదరగొట్టడానికి తాత లైసెన్సు తీసుకున్న తుపాకి. తాత తర్వాత నాన్నది. నాన్న చెంచురామయ్య పోయిన వారానికి బాబాయి బాపయ్య దాన్ని గోనెపట్టాలో చుట్టి తెచ్చి ఇక్కడ అప్పజెప్పాడు. చట్టం అంతేనట.

దాన్ని తనతో న్యూజిలాండ్ తీసుకుపోవాలి. అంతే ఆమె కోరిక. అక్కడ ఆమె బడిపంతులమ్మ. పేల్చడానికి కాదు... గోడకు పెట్టుకోవడానికి. నాన్న చెయ్యి ఆనీ ఆనీ నల్లబడిన ఆ కర్ర మీద తన చెయ్యి ఆనించుకోవడానికి.

పధ్నాలుగు నెలలు తిరిగింది.

అక్కడి పోలీసులు ఇంటికొచ్చి తుపాకి దాచబోయే బీరువా తాళం లాగి చూశారు. ఎందుకని అడిగారు. చెప్పింది. అనుమతి ఇచ్చారు. అందులో నంబరు రాశారు — 4417. లైసెన్సు పుస్తకంలో ఉన్న నంబరే.

ఇక్కడ మాత్రం ప్రతి గదిలో ఒకే ప్రశ్న.

"ఆడపిల్లకి తుపాకీ ఏంటమ్మా?"

ప్రతి గదిలో పళ్ళు బిగబట్టింది. ప్రతి గదిలో వారసురాలినని చెప్పింది. అడిగినవాడి మొహం మీద కాగితాలు విసరాలనిపించింది. విసరలేదు... సంతకం కావాలి కదా!

ఈ రోజు ఆఖరి సంతకం. శనివారంతో అక్కడి అనుమతి గడువు అయిపోతుంది. ఆ తర్వాత తుపాకి, దిక్కులేని తుపాకులతో కలిసి గుంటూరు పోతుంది. అక్కడ ముక్కలు చేస్తారు.

స్టేషన్ రైటర్ తుపాకిని తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. మడమ పక్కనున్న ఇత్తడి పట్టీని వేలితో తడిమాడు.

"నంబరేదమ్మా?"

లేదు.

నాలుగు లేదు. ఒకటి లేదు. ఏడు లేదు. పట్టీ నున్నగా ఉంది.

అంతే. పధ్నాలుగు నెలల కోపం ఒక్కసారి పైకి లేచింది.

"మీరే గీకేశారు! మా ఇంట్లో పువ్వుల్లో పెట్టి చూసుకున్నాం దీన్ని. మీ దగ్గరికొచ్చాకే పోయింది."

"నోరు జాగ్రత్తమ్మా!" రైటర్ లేచాడు.

"జ్యోతీ, తగ్గవే తల్లీ..." బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుంది. తగ్గదు. ఎందుకు తగ్గాలి?

ఎస్సై తుపాకి తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళాడు.

"నంబరు చెరపడం నేరం. ఎవరు చెరిపారో రాసివ్వండి. మా వాళ్ళే అంటే వీడి ఉద్యోగం పోద్ది. ఎవరో తెలీదంటే కేసు మీ నాన్న పేరు మీద పోద్ది."

పట్టీని ఆమె వైపు తిప్పాడు. వెలుగు దాని మీద జారింది.

అందులో ఆమె మొహం కనపడింది.

అచ్చం అలాగే... ఎనిమిదేళ్ళ వయసప్పుడు కనపడినట్టే.

ఆయుధపూజ. వసారాలో నాగలి, కొడవళ్ళు, మందు కొట్టే డబ్బా. నడుమ తుపాకి. గొట్టానికి నూనె నాన్న పట్టేవాడు. ఇత్తడి మాత్రం కూతురిది. చింతపండు, ఇటుక పొడి, ఆ చిన్న బొటనవేలు.

"నీ మొహం కనపడాల్రా అమ్మా!"

తోమింది. ప్రతి దసరాకూ తోమింది. మొదట్లో అంకెలు వేలికి గరుగ్గా తగిలేవి. తర్వాత మెత్తబడ్డాయి. పదో తరగతికి వచ్చేసరికి ఒక్క నాలుగు మిగిలింది. మరుసటి దసరాకు అదీ పోయింది. నున్నగా వచ్చింది నాన్నా, అని గంతులేసింది. ఆయన మురిసిపోయాడు.

మురిసిపోయాడు! అంకెలు అరిగిపోతుంటే చూస్తూ చూస్తూ ఊరుకున్నాడు. బతికుంటే ఇప్పుడు ఆయన్నే కడిగేసేది. బతికుంటే ఈ తుపాకి ఎవరిక్కావాలి?

రైటర్ వైపు చూసింది. అతని మొహంలో కోపం లేదు. భయం ఉంది.

ఎస్సై కాగితం ముందుకు జరిపాడు. పెన్ను పెట్టాడు.

తన పేరు రాస్తే కేసు. కేసంటే విమానం లేదు. బడి లేదు. తుపాకీ లేదు.

"ఎవరు చెరిపారమ్మా?"

పెన్ను తీసుకుంది. ఇంకా కోపమే. ఎవరి మీదో మాత్రం తనకే తెలీదు.

'నేను' అని రాసింది.

తర్వాతి మాట దగ్గర పెన్ను ఆగింది. బొటనవేలు ముక్కు దగ్గరకు పెట్టుకుంది.

చింతపండు వాసన...