గది ముందు నేల లేదు

మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. మా ఆయన లెక్కలో మాత్రం అది పూర్తి అంగీకారం. జపానికి కూర్చుంటే నేను నోరు విప్పనని, మధ్యలో లేవనని పెళ్ళైనప్పట్నుంచీ ఆయనకి తెలుసు. అందుకే నేను వద్దనే పని ఏదైనా ఉంటే సరిగ్గా అప్పుడే వచ్చి అడుగుతారు. బేస్‌మెంట్‌లో గోడ పడగొట్టడానికీ అలాగే అడిగారు. ఆ రోజు కూడా గుమ్మం దగ్గర నిలబడి, "ఆండాళ్, ఇక్కడ ఫ్లోర్ ఓపెన్ చేసేస్తున్నా, ఓకేనా?" అన్నారు. నేను చెయ్యి అడ్డంగా ఊపాను. ఆయన చూడలేదు. బ్యాటరీ రంపం మొదలైంది.

మేముండేది ఫార్మింగ్టన్ హిల్స్‌లో. పూజగది మేడ మీద ఈశాన్యం మూల. నిజానికది బట్టలు పెట్టుకునే వాక్-ఇన్ క్లాజెట్. మేం బట్టలు తీసేసి దేవుణ్ణి పెట్టుకున్నాం. బట్టలకి ప్లగ్గు దేనికని కాబోలు, కట్టినవాడు గోడకి ఒక్క ప్లగ్గూ పెట్టలేదు, కిటికీ అసలే లేదు. బయటనుంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి సీరియల్ లైట్లు వెలిగిస్తే, వచ్చినవాళ్ళందరి కాళ్ళకీ అదే తగిలేది. ఎలక్ట్రీషియన్ని పిలుద్దామన్నాను. కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరైన మా ఆయన ఆదిశేషు గారికి, ఎలక్ట్రీషియన్ని పిలవడమంటే కొత్తల్లుడు అత్తారింట్లో గిన్నెలు తోమినంత నామోషీ. కింద హాలు సీలింగ్‌కి మొన్ననే పెయింట్ వేయించాం, దాన్ని పగలగొట్టడానికి లేదు. అందుకని పైనుంచి నేల లేపి, దూలాల మధ్యనుంచి వైరు లాగుతానన్నారు.

మా ఇంట్లో కార్పెట్ చుడితే కింద ఉండేది అసలు చెక్క కాదు, చిప్‌బోర్డు. చెక్కపొట్టులో జిగురు కలిపి అదిమి చేసిన పలక. ఒక పలక అంచు పక్కపలక గాడిలో దూరి ఉంటుంది, పైగా దూలానికి అంటించి స్క్రూలు బిగిస్తారు. దాన్ని లేపాలంటే రంపాన్ని పలక మందం దాటి దిగకుండా సరిచేసుకోవాలి, లేకపోతే కింద పాత వైరు తెగుతుంది. తర్వాత గాడి వెంట కోసి, ఓపిగ్గా పైకి ఎత్తాలి. ఇన్నేళ్ళూ ఆయన పక్కన టార్చి పట్టుకుని నిలబడ్డదాన్ని, ఆ మాత్రం నాకూ తెలుసు.

జపం ముగించి లేచి చూస్తే గుమ్మం ముందు నేల లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సన్నటి దూలాలు, వాటి మధ్య హాలు సీలింగ్ వెనకభాగం, ఏళ్ళనాటి దుమ్ము. పలకలు ఒక్కటీ నిండుగా రాలేదు. జిగురు వదలక అంచులు పొడిపొడిగా రాలిపోయాయి. ఎప్పుడో బాత్రూం లీకైనప్పుడు తడిసి ఉబ్బిన పలక బిస్కట్‌లా విరిగింది. కోత కూడా తిన్నగా లేదు, పక్కకి పోయి మళ్ళీ వెనక్కి వచ్చింది. కొలబద్ద లేకుండానే తిన్నని గీత గీసే మనిషి ఇలా కోశారేమిటా అనుకున్నాను. కానీ అప్పుడు నా బాధ వేరు.

"ఏవండీ, నేను బయటికెలా రావాలి?"

"కొత్త బోర్డు వచ్చేదాకా అక్కడే కూర్చో. టిఫిన్ అందిస్తాగా."

పదకొండింటికి నాకు డ్రైవింగ్ టెస్ట్. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

ఈ దేశం వచ్చిన కొత్తలో ఎవరిదో మెయిల్‌బాక్స్ గుద్దాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు. "నీకెందుకీ తలనొప్పి, నేనున్నాగా" అన్నారాయన. ప్రేమగానే అన్నారు. ఆ ప్రేమ పుణ్యమా అని, నా అంతట నేను వెళ్ళి పాల డబ్బా కొనుక్కొచ్చింది లేదు. గుళ్ళో ప్రదక్షిణలు చేస్తుంటే బయట హారన్ కొడతారు. ఎవరింట్లోనైనా కాఫీ సగం తాగేసరికి లేచి తాళాలు గలగలలాడిస్తారు. నాకు గొంతెమ్మ కోరికలేం లేవు. ఒక్కదాన్నే చెరువు దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, కారులో కూర్చుని ఫ్లాస్కులో కాఫీ తాగి, నాకు బుద్ధి పుట్టినప్పుడు తిరిగి రావాలి. అంతే. దానికోసం పక్కవీధి జయంతి కారులో గుడి పార్కింగ్ లాట్ చుట్టూ నెలల తరబడి తిరిగాను. మోకాలు మార్పించుకున్న కాలితో బ్రేక్ తొక్కడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంటికీ నాకూ మధ్య నాలుగడుగుల నేల లేక, దేవుడి ముందు బందీనై కూర్చున్నాను.

"స్టోర్‌కెళ్ళి బోర్డు తెచ్చెయ్యండి, పది నిమిషాలే కదా," అన్నాను.

"శ్యామ్‌సుందర్ సాయంత్రం తెస్తానన్నాడులే."

ఇది వింత. ఆ స్టోరు ఆయనకి మేనమామ ఇల్లు లాంటిది. ఒక స్క్రూ కోసం రోజుకి మూడుసార్లు వెళ్ళే మనిషి, జయంతి మొగుడు తెచ్చేదాకా ఆగడమేమిటి?

కరెంటు మెయిన్ ఆపేశారు కనక గదిలో దీపపు కుందె వెలుగు తప్ప ఇంకేం లేదు. అగరొత్తి పొగ బయటికి పోవడం లేదు. ఊపిరాడనట్టయింది. గోడ పట్టుకుని ఒక కాలు దూలం మీద పెట్టాను. జారితే సీలింగ్ చీల్చుకుని హాల్లోకి కాళ్ళు వేలాడేసుకుని ఉంటాను, ఫైరింజన్ వచ్చి తీయాలి. కాలు వెనక్కి తీసుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు చూసి నాకే ఒళ్ళు మండింది. ఇంతలో ఫోన్ మోగింది. "బయల్దేరా ఆండాళ్ గారూ, రెడీగా ఉండండి," అంది జయంతి.

ఇక దాచి లాభం లేదు.

"ఏవండీ! నాకు పదకొండింటికి డ్రైవింగ్ టెస్ట్ ఉంది. నన్ను దాటించండి."

ఆయన వైరు చుడుతున్నవారు ఆగిపోయారు. తల ఎత్తలేదు. "తెలుసు. శ్యామ్ నోరు జారాడు."

"తెలిసే లేపారా?"

ఆయన వైరు చుట్ట పక్కన పెట్టారు.

"తెలిసే, నేను లేవలేని టైం చూసి, నా గది ముందు నేల పీకేశారా? ఇంతకన్నా తలుపుకి తాళం వేసుంటే మర్యాదగా ఉండేది!"

ఈ ఇంట్లో నేను అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఆయన లేచి మెట్లు దిగి వెళ్ళిపోయారు. పోయారనే అనుకున్నాను. ఆ క్షణంలో ఆయనంటే నాకు అసహ్యం వేసింది, అబద్ధమెందుకు చెప్పాలి. కాసేపటికి ఆయాసపడుతూ మళ్ళీ పైకొచ్చారు. చేతుల్లో డైనింగ్ టేబుల్ పలక, చుట్టాలొస్తే మధ్యలో వేసి టేబుల్ పొడుగు చేస్తామే, అది. దూలాల మీద అడ్డంగా పరిచి, అవతలి చివర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా అదిమి పట్టుకున్నారు.

"రా. కింద చూడకు, నన్ను చూడు."

అడుగు వేశాను. పలక కిర్రుమంది. సగం దాకా వచ్చాక ఆయన గొంతు వినిపించింది.

"పోయిన వారం కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళా. గ్లకోమాట. సైడ్ విజన్ పోయింది, డ్రైవింగ్ ఆపేయమన్నాడు. నువ్వు పాసయితే తాళాలు నీకిచ్చేయాలి కదా. ఇంకొక్క నెల... ఇంకొక్క నెల ఆగుతుందేమోనని." ఆయన ముక్కు ఎగబీల్చారు. "బుద్ధిలేని పని చేశా."

నేను పలక మధ్యలో నిలబడిపోయాను. గదిలోంచి నేను ఊపిన చెయ్యి ఎందుకు కనబడలేదో, కోత ఎందుకు వంకర పోయిందో అప్పుడు తెలిసింది. కోపం పోలేదు. దాని పక్కనే జాలి వచ్చి నిలబడింది. ఆయన చెయ్యి చాచారు. పట్టుకుని ఇవతలికి వచ్చాను. మా కారు తాళాలు జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టారు.

"గురువారం ఆన్ ఆర్బర్‌లో స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్. నువ్వు తీసుకెళ్తావు కదూ?" అన్నారు. చిన్నపిల్లాడు బడి మాన్పించమని అడిగినట్టు అడిగారు.

ఎన్నాళ్ళుగానో కావాలనుకున్న తాళాలు. గురువారం స్పెషలిస్ట్, ఆ తర్వాత మందుల షాపు, గుడి, బోర్డుల స్టోరు. పక్క సీట్లో ఆయన. చెరువు గట్టున కాఫీ తాగుతుంటే కూడా పక్క సీట్లో ఆయనే.

"తీసుకెళ్తాను," అన్నాను. ఇంకేమంటాను?

"టెస్ట్‌కి నేనూ రానా?"

"వద్దండీ. ఇవాళ ఒక్కరోజుకి వద్దు."

దారిలో, ఫెయిలైతే బావుణ్ణు అని ఒక్క నిమిషం అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి సీటుబెల్టు సరిచేసుకున్నాను. పాసయ్యాను. జయంతి నాకన్నా ఎక్కువ గెంతింది, తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ నాకే ఇచ్చింది.

మా వీధి మలుపు దగ్గర ఎడమవైపు సిగ్నల్ వేసి ఆగాను. ఎదురుగా ఒక్క కారూ లేదు. తిరక్కుండా తిన్నగా పోతే అదే రోడ్డు చెరువు దాకా వెళ్తుంది.

"ఎవరూ రావట్లేదు ఆండాళ్ గారూ, తిరగొచ్చు," అంది జయంతి.

"చూశాను," అన్నాను. అన్నాక కూడా ఇంకాసేపు కాలు బ్రేక్ మీదే ఉంచాను.