ఐదున్నర శ్రుతి

నాకు ముక్కుమీద కోపం. ఆ సంగతి స్టూడియోలో తలుపు తీసే మనిషి దగ్గర నుంచి అందరికీ తెలుసు. గొంతు ఆపరేషనుకు ముందు అక్కడ ఒక పాట పాడి వెళ్ళాను. తీరా వింటే నా గొంతు వెనకాల మొదటి నుంచి చివరిదాకా ఏసీ రొద. వాయిద్యాలు విడిగా రికార్డు చేశారు కనుక అవి బాగానే ఉన్నాయి, పాడిందే పనికిరాలేదు. మళ్ళీ పాడాలి. ఈలోగా నాలుగు నెలలు గడిచాయి, మెడ మీద కుట్ల మచ్చ మిగిలింది, పై స్వరాలు అందడం మానేశాయి.

"మధ్యాహ్నంలోగా పాట వస్తే సరేనమ్మా, లేకపోతే వేరే అమ్మాయిని పిలుస్తాను. ఏమీ అనుకోకండి," అన్నాడు సంగీత దర్శకుడు ఫోన్లో. అనుకోకుండా ఎలా ఉంటాను? ముప్పై ఏళ్ళుగా పాడుతున్నాను. ఈ పాట చెయ్యి జారితే ఇక నన్ను పిలిచే నాథుడుండడు.

శ్రుతి కాస్త తగ్గించమని అడగొచ్చు కదా అంటారేమో. అక్కడే ఉంది నా తిక్క. పాతికేళ్ళ వయసులో పదిమంది ముందు గొప్పలకు పోయి, నాది ఐదున్నర శ్రుతి, అది దించే రోజు వస్తే ఆ రోజే పాట మానేస్తానన్నాను. అప్పటి నుంచి నా ముందు ఎవరూ ఆ ఊసెత్తరు.

ఆ ఉదయం వదిన వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని నా వెంట వచ్చింది. అన్నయ్య పోయాక మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఆరు నన్ను తినమనే.

గోడలకు స్పాంజి అంటించిన చిన్న గది, మధ్యలో మైకు, అద్దానికి అవతల రికార్డింగు ఇంజనీరు. అతన్ని అందరూ నిదానం అంటారు. టీ చల్లారిపోయాక గానీ కప్పు ఎత్తడు. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. పల్లవి బాగానే వచ్చింది. రెండో చరణంలో పైకి వెళ్ళే ముక్క దగ్గర గొంతు జారింది. మళ్ళీ పాడితే మళ్ళీ అక్కడే. ఐదోసారి ఉత్త గాలి వచ్చింది.

"ఏమయ్యా, ఇందులో నా గొంతు నాకే వినపడి చావట్లేదు," అని అతని మీద విరుచుకుపడ్డాను. పాపం, అతని తప్పేమీ లేదు.

"చూస్తానక్కా. పావుగంట ఆగుదాం. మీరు వేడినీళ్ళు తాగండి."

బయట సోఫాలో కూర్చున్నానో లేదో, వదిన మొదలుపెట్టింది. బాత్రూం గడియ పట్టట్లేదంది. ఇస్త్రీ నుంచి వచ్చిన దుప్పటి మనది కాదంది. అది చాలదన్నట్టు కూనిరాగం అందుకుంది. ఆవిడ పాడగా నేనెప్పుడూ వినలేదు. ఎంత అదృష్టవంతురాలినో అప్పుడు తెలిసింది.

"వదినా, నీకు దణ్ణం పెడతాను, కాసేపు ఊరుకో. చెవులు పాడవుతున్నాయి."

"పాడవనీ," అని మళ్ళీ అందుకుంది.

లోపలికి వెళ్ళి ఈసారి పాటంతా ఒక్క బిగిన పాడాను. ఆ ముక్క దగ్గర గొంతు మెట్లెక్కినట్టు ఎక్కి, పైన నిలబడింది. బయటికి వచ్చి, "ఐదున్నరంటే మజాకానా?" అన్నాను. నిదానం తల వంచుకుని మీటలు తుడుస్తున్నాడు. వదిన ఫ్లాస్కు మూత బిగించిందే బిగిస్తోంది.

పాట అయ్యాక సంచిలోంచి శ్రుతిపెట్టె తీసి, చివరి స్వరం దానితో సరిచూసుకోవడం నా అలవాటు. ఎప్పుడూ ఐదున్నర మీదే ఉండే ఆ పెట్టె మీట నొక్కాను. పెట్టె ఒక దారి, నేనొక దారి. సరిగ్గా అర శ్రుతి తేడా.

"ఎవర్నడిగి తగ్గించావు?"

నిదానం వదిన వైపు చూశాడు.

"నేనే చెప్పాను," అంది వదిన. "గిన్నెలు తోముతూ ఈ పాట హాయిగా పాడేస్తావు. ఆ పెట్టె ముందేసుకుని కూర్చుంటే ఏడుస్తావు. నువ్వు పాడింది ఫోన్లో పట్టుకొచ్చి ఈ అబ్బాయికి వినిపిస్తే, అర శ్రుతి కిందన్నాడు. నాకు శ్రుతి తెలీదు. నువ్వు తెలుసు."

"కంప్యూటర్లో దించితే వయొలిన్ పాడవుతుందక్కా," అన్నాడు నిదానం. "అందుకని వయొలిన్, ఫ్లూటు, తబలా ముగ్గురూ ఆదివారం వచ్చి మొత్తం మళ్ళీ వాయించారు. మీకు చెప్పొద్దన్నారు. ముందు పాత శ్రుతిలోనే వేశాను. అది వచ్చుంటే ఇది బయటికే తీసేవాణ్ణి కాదు. ఆ పావుగంటలో పాత శ్రుతి మీ చెవిలో మిగలకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ, పాడుతూ ఉండమని వదినగారికి నేనే చెప్పాను. దర్శకుడుగారికీ తెలుసు. మీ ముందు ఆ మాట తనెత్తనని, మా తిప్పలు మమ్మల్నే పడమన్నారు."

ఆ వయొలిన్ ఆయనతో నాకు ఏడాదిగా మాటల్లేవు. ఆయన కూడా సెలవు రోజు వచ్చి, నా కోసం అంతా మళ్ళీ వాయించాడు. నా తిక్కకు దెబ్బ తగలకుండా నా పాటను ఇంతమంది చేతులు అడ్డుపెట్టి కాపాడారు. వీళ్ళకి నేనేం చేశాను, అరవడం తప్ప? ఏడుపు ఆగలేదు. ఇద్దరూ చూడనట్టే ఉన్నారు.

"వద్దంటే చెరిపేస్తానక్కా," అన్నాడు నిదానం మెల్లగా.

"చెరిపెయ్యి. అది తెలియక పాడింది. మళ్ళీ వెయ్యి, ఈసారి తెలిసి పాడతాను. అయ్యాక ఆ వయొలిన్ ఆయన నంబరు ఇవ్వు."

శ్రుతిపెట్టె మర ఐదు దగ్గరికి నేనే తిప్పి, ఆపేసి, వదిన చేతికిచ్చాను.

"లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చో వదినా. కూనిరాగం మాత్రం తీయకు."