పెట్రెల్ ఎడమ కాలు

మా నోవా స్కోషియా తీరంలో తప్పు తిప్పని చేతులు రెండే రెండు. ఆ రెండూ ఆంబ్రోస్ కార్కమ్ భుజాలకే వేలాడేవి. కళ్లకు గంతలు కట్టి పొగమంచులో వదిలినా చుక్కాని అణువంత పక్కకి పోనిచ్చేవాడు కాదు. అందుకే నౌకాదళం వాళ్లు అతన్ని చేపల ఓడ మీద నుంచి ఏరుకెళ్లి పెట్రెల్ అప్పగించారు.

పెట్రెల్ హైడ్రోఫాయిల్. పొట్ట కింద రెండు ఉక్కు కాళ్లు, కాళ్లకి రెక్కలు. వేగం అందుకుంటే పొట్ట నీళ్ల మీదికి లేచిపోయి, కాళ్ల మీదే పరుగు తీసేది. జలాంతర్గాముల్ని తరమడానికి తయారుచేస్తున్నారు. తయారవడం మాత్రం ఎప్పటికీ అయ్యేది కాదు. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి విరగ్గొట్టుకుని వచ్చేది. ఒకసారి రెక్క, ఒకసారి మర, ఒకసారి వంటవాడి ముందు పళ్లు.

ఆ శరత్కాలపు ఉదయం రాజధాని ఒట్టావా నుంచి వచ్చిన నౌకాదళం పెద్దలు ఒడ్డున దుర్భిణీలతో నిలబడ్డారు. పెట్రెల్ ఎడమ కాలికేమో చీలిక పడింది. ఇంజిన్ గది చూసే లైనస్ నికిల్ దానికి అతుకు వేశాడు గానీ, ఆ అతుకు మీద అతనికే నమ్మకం లేదు. లైనస్ ఆంబ్రోస్ చెల్లెలు హుల్డా మొగుడు. కుడికి తిప్పితే బరువంతా ఎడమ కాలి మీద పడుతుంది, కాబట్టి ఇవాళ తిప్పితే ఎడమకే తిప్పాలని ఆంబ్రోస్‌కి నాలుగైదుసార్లు చెప్పాడు.

ఆంబ్రోస్ తలూపాడు. తలూపి, రేవులో మోకు విప్పగానే పెట్రెల్ ముక్కుని కుడికి తిప్పాడు.

ఆంబ్రోస్‌ది లూనెన్‌బర్గ్. ఆ ఊరి వాళ్లెవరైనా అంతే. సూర్యుడు నడిచే దిక్కుకి, అంటే కుడికి, తిప్పందే పడవ రేవు దాటదు. ఎదురు తిప్పిన పడవ ఇంటికి రాదని తాతల నాటి భయం. లైనస్‌దీ ఆ ఊరే, కానీ ఇంజిన్ల బడిలో చదివాక ఆ భయం వదిలించుకున్నాడు. నిచ్చెన మెట్లెక్కి వచ్చి, మాటా పలుకూ లేకుండా ఆంబ్రోస్ మూతి మీద గుద్దాడు.

"ఏం బావా," అన్నాడు ఆంబ్రోస్ నెత్తురు ఉమ్మేసి, "పొద్దున మా చెల్లి తిండి పెట్టలేదా?"

"కుడికెందుకు తిప్పావురా?"

"ఇక్కడ మెల్లగానేగా పోతున్నాం! కాలికేం కాదు."

"కాలి భయం కాదురా, నీ చేతి భయం! ఇక్కడ తిరిగిన చెయ్యి బయటి సముద్రంలోనూ తిరుగుద్ది. అప్పుడు ఆ కాలి పక్కన కింద ఉండేది నేను, నీ సూర్యుడు కాదు!"

ఆంబ్రోస్ నుదుటితో అతని ముక్కు మీద పొడిచాడు. ముక్కు పుటుక్కుమంది. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని దొర్లుతుంటే కెప్టెన్ హెన్షా వచ్చి చెరో తన్నూ తన్నాడు.

"ఒడ్డున పెద్దలు చూస్తున్నార్రా వెధవల్లారా! నువ్వు కిందికి పో. నువ్వు చుక్కాని పట్టు."

"నా చెయ్యి నా మాట వింటుంది బావా," అని అరిచాడు ఆంబ్రోస్. లైనస్ ముక్కు పట్టుకుని, వెనక్కి చూడకుండా దిగిపోయాడు.

బయటి సముద్రంలో పెట్రెల్ లేచింది. అలల తలలు రెక్కల కింద తెగి పడుతుంటే, తుంపర గులకరాళ్లలా అద్దాల్ని కొడుతోంది. ఒక కొండంత అల లేచింది, వంగింది, దాని వెనక డోరీ. చిన్న చేపల పడవ. అందులో ఒక ముసలాడు వల లాగుతూ నోరు తెరిచి చూస్తున్నాడు.

"ఎడమకి!" అని కెప్టెన్ కేకేశాడు.

మొదట్లో నేను కొట్టిన డప్పు గుర్తుందిగా? దాన్ని ఇప్పుడు అదే సముద్రంలోకి విసిరేయండి. ఆ రెండు చేతులూ కుడికి తిరిగాయి.

అయితే ఒక్క మాట. ఎడమ పక్క అల చాటున రెండో డోరీ ఉంది, అందులో అన్నదమ్ములిద్దరు. ఎడమకి తిరిగుంటే వాళ్లు ముక్కలయ్యేవాళ్లు.

ఫిరంగి పేలినట్టు ఎడమ కాలు విరిగింది. పెట్రెల్ అంత వేగం మీద ఉండగానే పక్కకి కూలి, నీటిని గోడని గుద్దినట్టు గుద్దింది. అద్దాలు పగిలి లోపలికి వచ్చాయి. కెప్టెన్ భుజం ఊడి చెయ్యి వేలాడింది. ఆంబ్రోస్ చుక్కాని మీద పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు.

"బావా!" అంటూనే లేచి, గోడకున్న గొడ్డలి లాక్కుని కిందికి దూకాడు.

ఇంజిన్ గదిలో నూనె కలిసిన నీళ్లు నురగలు కక్కుతూ పైకొస్తున్నాయి. మర దిమ్మె ఒరిగి లైనస్ పాదం మీద పడింది. నీళ్లు గడ్డం దాకా వచ్చేశాయి.

ఆంబ్రోస్ దిమ్మె మీద నరికాడు. నిప్పురవ్వలు తప్ప ఏం రాలేదు.

"ఇనుమునేం నరుకుతావురా? కాలు నరుకు!"

"బావా, నా వల్ల కాదు..."

"రేపు హుల్డాకి నువ్వు చెప్తావా? నరుకు!"

ఆంబ్రోస్ ఊపిరి బిగించి, నీళ్లలో తడిమి, బూటు కొస చూసుకుని వేశాడు. మొదటి దెబ్బ జారింది. రెండో దెబ్బకి లైనస్ అతని భుజంలో పళ్లు దించేశాడు, ఎముక తగిలేదాకా. మూడో దెబ్బకి పాదం ఊడి వచ్చింది, మూడు వేళ్లు అక్కడే వదిలి.

ఆ డోరీ ముసలాడే వచ్చి అందర్నీ ఎక్కించుకున్నాడు. ఎక్కించుకుని, ఒడ్డు ఎడమన కనిపిస్తుంటే, డోరీని కుడికి గుండ్రంగా తిప్పి మరీ బయల్దేరాడు. స్పృహ తప్పబోతున్న లైనస్ అది చూసి, లేచి కూర్చుని, అతని ఏడు తరాల్నీ తిట్టి, అప్పుడు తప్పాడు.

ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ఆంబ్రోస్, పక్కటెముకల చుట్టూ కట్టుతో.

"ఎందుకు తిప్పావురా?"

ఆంబ్రోస్ తన చేతుల్నే చూసుకున్నాడు. "చెయ్యి తిరిగింది బావా."

లైనస్ మంచం పక్కనున్న ఇనప పళ్లెం తీసి అతని నెత్తిన శక్తికొద్దీ కొట్టాడు. బొప్పి కట్టింది. ఆంబ్రోస్ కదల్లేదు. లైనస్ పళ్లెం మళ్లీ ఎత్తి, ఎందుకో దించేశాడు.

"గొడ్డలి కూడా సూర్యుడి వైపే తిప్పావా?"

"...చూసుకోలేదు."

"హుల్డా క్యాబేజీ పులుసు పంపినట్టుంది, వాసనొస్తోంది. ఇటు పట్టుకురా. మెల్లగా. ఎడమ పక్క నుంచి."

ఆ తర్వాత ఆంబ్రోస్ చుక్కాని ముట్టలేదు.

రెండో డోరీ సంగతి బావకి చెప్పుంటే పళ్లెం దెబ్బ తప్పేదిగా అని మీకు అనుమానం రాలేదా? వచ్చిందా? శభాష్. మూడు వేళ్లు నిజం, కొరికిన పళ్ల గాట్లు నిజం, ముసలాడు నిజం. రెండో డోరీ నేను పెట్టింది. ఎడమ పక్క సముద్రం ఖాళీ.