పెరట్లో మొదటి కాపు

నంద్యాలలో టీచర్ల ట్రైనింగ్ ముగించుకుని మిట్టమధ్యాహ్నం ఆళ్లగడ్డలో బస్సు దిగింది లూదియా. ఇంటికొచ్చి నేరుగా పెరట్లోకి వెళ్లింది. సంక్రాంతి దాటాక నాటిన వంగమొక్కలన్నీ వేళ్లతో సహా గోడవారన కుప్పగా పడున్నాయి. కలుపు మాత్రం మడి నిండా దర్జాగా పరుచుకుని ఉంది.

ఆ కుప్పలో ఒక వంకాయ. ఈ ఎండాకాలమంతా కలిపి కాసింది అదొక్కటే, కోడిగుడ్డంత. అదీ వడలిపోయింది.

మార్చిలో కూతురు జెస్సికాకు జ్వరమొచ్చి నంద్యాల ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. బిడ్డ కోలుకుంటే పెరట్లో మొదటి కాపు చర్చికే ఇస్తానని లూదియా మంచం పక్కన మోకరించి మొక్కుకుంది. బిడ్డ లేచి తిరుగుతోంది. పెరడే మంచం పట్టింది. బీర పిందెలోనే రాలింది, వంగపూత మాడిపోయింది. రెండు పూటలా బిందెలు మోసి లూదియా నడుము పడిపోయింది. తెల్లారితే ఆదివారం, కానుకలిచ్చే రోజు.

"ఈశ్వరీ! కలుపు తియ్యమంటే ఇదేం పని?"

నల్లమల చెంచుగూడెం నుంచి కోడలిగా ఈ ఊరొచ్చిన ఈశ్వరి, వారానికోసారి పెరటి పని చేసిపోతుంది. తాపీగా చేతులు కడుక్కుంది.

"పనికిరానివి పీకమంటివి గదా టీచరమ్మా. ఎండినేటివి పీకినా. తినేటివి ఇడిసిపెట్టినా."

"అది కలుపు!"

"గంగవాయిల ఆకును పట్టుకోని కలుపంటావేందమ్మా?"

లూదియా వంగి ఒక రెమ్మ తుంచి చూసింది. విత్తకుండా మొలిచేది కలుపు అని ఇరవై ఏళ్లుగా పిల్లల చేత రాయించిన మనిషి. ఇప్పుడు ఎవరి మీద కోప్పడాలో ఆమెకే అంతుబట్టలేదు.

"రేపు చర్చిలో ఏం పెట్టాలి నేను? ఆ వంకాయే కదా నా మొదటి కాపు."

"మొదటిదా? అది ఎప్పుడో అయిపాయె. ఆస్పత్రిలో పాప ఏం తిన్నా కక్కుకుంటాంటే డబ్బాలో ఆకుపప్పు తెచ్చిస్తి గదా, కడుపులో అదొక్కటే నిల్చె. ఆ ఆకు యాడిదనుకుంటివి? ఈ మడిలోదే. నువ్వు నీళ్లు పోసిందే."

అడవి నుంచి తెచ్చిందనుకుంది లూదియా ఇన్నాళ్లూ. మెట్టు మీద కూలబడింది. దేవుడి వంతు తను బిడ్డకు పెట్టేసిందా? లేక దేవుడే అటు పంపాడా? మొక్కు తీరిందా, తప్పిందా? ఎంత ఆలోచించినా తేలలేదు. భయమూ వేసింది, ఏడుపూ వచ్చింది.

మరునాడు చర్చిలో బల్ల నిండా బనగానపల్లె మామిడిపళ్లు, సొరకాయలు. వాటి పక్కన లూదియా ఒక గంప దించింది. సంఘపెద్ద భార్య తొంగి చూసింది.

"ఏందీ లూదియమ్మా, కలుపు తెచ్చినావ్?"

లూదియా జెస్సికా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మొదటి కాపు మా పాప తినేసింది వదినా. ఇది రెండోది."