మోసిన వీపు

"శాలువా కప్పుకో. ఆ మచ్చలు చూస్తే నేనే కొట్టాననుకుంటారు జనం."

కూరగాయలు తరుగుతున్న ఆమెతో భర్త అన్న మాట అది. సాయంత్రం మరిదీ తోటికోడలూ వస్తున్నారు. మెడ కిందనుంచి నడుము దాకా ఊదారంగు వలయాలతో ఆమె వీపు, వేడి గిన్నెలు దించిపెట్టిన బల్లలా ఉంది. నొప్పిగా ఉందా అని ఆయన అడగలేదు. నొప్పి పుట్టింది ఆయన పరువుకి. పాపం, దానికి మాత్రం మందు వెంటనే కావాలి.

అత్తగారి తుంటి విరిగినప్పటి నుంచి ఆవిడను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాలగదికి ఎత్తి దించుతున్నది ఆమె ఒక్కతే. "నేను ముట్టుకుంటే అమ్మకి సిగ్గు" అనేవాడు భర్త. "వదినకి చెయ్యి తిరిగిన పని, మేం చేస్తే పడేస్తాం" అనేవాడు మరిది. ఆ పొగడ్త బరువు కూడా ఆమె వీపు మీదే పడేది. నడుము పట్టేసిందంటే, "ఆఫీసులో కూర్చునే ఉంటావుగా, ఇంకెందుకు పడుతుంది?" అనేవారు ఇంట్లో. "ఇంటి నొప్పులు ఇంట్లోనే వదిలి రావాలమ్మా" అనేవాడు ఆఫీసులో మేనేజరు. ఎక్కడా చోటు దొరక్క ఆ నొప్పి ఆమెలోనే కాపురం పెట్టింది.

నిన్న ఎవరికీ చెప్పకుండా, నొప్పులకి వీపు మీద కప్పులు బోర్లించే కప్పింగ్ గదికి వెళ్లింది. ఆ పని చేసే పెద్దావిడ ముందు కూర్చోబెట్టి అడిగింది. రక్తం పలచబడే మందులు వాడుతున్నావా? కడుపుతో ఉన్నావా? చర్మం మీద పుండ్లేమైనా ఉన్నాయా? తన ఒంటి గురించి ఎవరైనా ఇన్ని ప్రశ్నలు అడిగి ఎన్నాళ్లయిందో! గాజు కప్పులు చర్మాన్ని పైకి లాగుతుంటే బోర్లా పడుకుని నిద్రపోయింది. లేచేసరికి తను అడగకుండానే పాదాల మీద దుప్పటి కప్పి ఉంది.

"పట్టేసిన కండ కాస్త వదులవుతుందేమో, అంతే," అంది పెద్దావిడ. "కొందరికి హాయిగా ఉంటుంది, కొందరికి ఏమీ తెలీదు. మచ్చలు వాటంతటవే పోతాయి. కానీ రేపు మళ్లీ అదే బరువు ఒక్కదానివే ఎత్తితే, నేనెన్ని కప్పులు పెట్టినా చిల్లుకుండలో పోసిన నీళ్లేనమ్మా."

సాయంత్రం ఆమె శాలువా కప్పుకోలేదు.

"ఇదేంటొదినా, ఆక్టోపస్ గానీ పట్టుకుందా?" అన్నాడు మరిది.

"కప్పింగ్."

"పనికొస్తుందంటే అమ్మనీ తీసుకెళ్లు," అన్నాడు భర్త, చుట్టాల ముందు పెద్దరికంగా.

"అత్తయ్యకి పనికిరాదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారు."

"అవునా? ఎప్పట్నించి?"

కన్నతల్లి మింగే మాత్రేదో కొడుకులిద్దరికీ తెలియదు. ఇంతలో లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్, బాత్రూముకి వెళ్లాలే, ఓసారి లేపవే!"

అందరి కళ్లూ ఆమె వైపు తిరిగాయి. అలవాటు కొద్దీ పాదం ముందుకు పడింది. దాన్ని వెనక్కి లాక్కుని కుర్చీలో కూర్చుంది.

"మీరిద్దరూ వెళ్లండి. ఈ పూటనుంచి నేనొక్కదాన్నే ఎత్తను."

"అందరి ముందూ ఏంటిది?" పళ్ల బిగువున అన్నాడు భర్త. "అమ్మకి సిగ్గని తెలీదూ?"

"ఎవరో ఒకరు రండిరా!" లోపలినుంచి అరిచింది తల్లి. "నా సిగ్గు ఆస్పత్రిలోనే పోయింది, ఇంకాస్త ఆలస్యమైతే పరుపూ పోతుంది!"

తోటికోడలు ఫక్కున నవ్వింది. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ లోపలికి నడిచారు.

"రెక్క పట్టుకుని లాగకండి," ఆమె కూర్చున్న చోటునుంచే చెప్పింది. "నడుము చుట్టూ చేతులు వెయ్యండి. మోకాళ్లు వంచండి, వీపు కాదు."

మంచం కిర్రుమంది. కాసేపటికి ఆయాసపడుతూ భర్త గొంతు వినిపించింది. "అమ్మేంటీ... ఇంత బరువుంది?"

"రోజూ అంతే ఉంటారు," అంది ఆమె.