పదిహేడో చుక్క

రక్త కేన్సర్ మీద ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న మా డాక్టరమ్మని ల్యాబులో అందరూ మొండిఘటం అంటారు. మొహం మీదే అంటారు. ఆవిడ పలుకుతుంది కూడా.

ఆవిడ పనేమిటో చెప్పడం బ్రహ్మవిద్యేం కాదు. జన్యువు బాగానే ఉంటుంది, ఒక్క అక్షరం కూడా చెడదు. దాని మీద మూత పడుతుంది, అంతే. ఇక రక్తకణం ఎదగదు, ఊరికే పుట్టుకొస్తూ ఉంటుంది. మూత తీసే మందు పదిహేడు మందికి ఇచ్చారు. పదహారు మందికి మూత లేచింది, జబ్బు తగ్గింది. పదిహేడో మనిషి బట్టలు కుట్టే ఆవిడ. మూత లేచింది, జబ్బూ లేచి కూర్చుంది. ఆ మందు ఆపి పాత మందులే ఇస్తున్నారు.

గ్రాఫులో మనిషికో చుక్క. పదహారు చుక్కలు బుద్ధిగా వరసలో ఉన్నాయి. ఒకటి మాత్రం దూరంగా, అలిగిన తోడికోడల్లా.

"ఆ రక్తం పాడైందని రాసెయ్ తల్లీ. వ్యాసం రేపే పత్రికకి పంపేద్దాం," అన్నాడు మా ల్యాబు పెద్దసారు.

"పాడవలేదు సార్. ఐసులో పెట్టి నేనే మోసుకొచ్చాను. పరీక్ష మూడుసార్లు చేశాం."

"ఒక్క చుక్క కోసం ఇన్నేళ్ల పని తగలేసుకుంటావా?"

"ఇలాంటి మనిషి ఇంకో ఆస్పత్రిలో ఉంటుంది సార్. మన గ్రాఫు చూసే ఆవిడకీ ఈ మందిస్తారు. అప్పుడెవరు పాడైనట్టు?"

పెద్దసారు నాకేసి తిరిగాడు. రక్తం విడదీసేది నేనే. నాకు డిగ్రీ లేదు, చేతులున్నాయి.

"నువ్వైనా చెప్పవయ్యా."

"రక్తం బాగుందని రిజిస్టర్లో సంతకం పెట్టింది నేనే సార్. ఇప్పుడు నా సంతకాన్ని నేనే తిట్టమంటారా?"

"అయితే ఇద్దరూ వేరే ల్యాబు చూసుకోండి," అని తలుపు వేసుకుపోయాడు.

మంగళవారం కుట్టే ఆవిడ పరీక్షకి వచ్చింది. రాగానే డాక్టరమ్మ కోటు చూసి, "ఇంత చదివారు, గుండీ కుట్టుకోలేరా అమ్మా?" అని దెప్పింది. డాక్టరమ్మ ఏం దాచకుండా గ్రాఫు చూపించింది.

"నన్ను అంత దూరంగా నిలబెట్టారేం?"

"మీరే నిలబడ్డారు. మా సారు తీసెయ్యమంటున్నారు."

"నేనింకా బతికే ఉన్నాగా. తియ్యమనండి చూద్దాం."

డాక్టరమ్మ ఆ మధ్యాహ్నమే వ్యాసం పేరు మార్చేసింది: ఈ మందు ఒకరికి ఎందుకు చెరుపు చేసింది? పదహారు మంది సంగతి రెండో పేజీకి పోయింది. పదిహేడో చుక్కని ఎర్రగా, మిగతావాటికంటే పెద్దదిగా పెట్టి పంపేసింది.

సాయంత్రం పెద్దసారు పంపితే ఆఫీసు గుమాస్తా ల్యాబు తాళాలకొచ్చాడు.

"రేపు ఆ కుట్టే ఆవిడ రక్తం మళ్ళీ చూడాలి," అంది డాక్టరమ్మ, గుండీ కుట్టించుకున్న కోటు తొడుక్కుంటూ. "తాళాలు కావాలంటే మీ సారునే రమ్మను. నేనిక్కడే ఉంటాను."